ఐదు సిస్టమ్‌లకీ ఎక్సెల్ కొనాలా, లిబ్రేఆఫీస్ సరిపోతుందా?

బ్రాడీపేట పద్దులు:
గుంటూరులో మాది చిన్న అకౌంట్స్ ఆఫీసు. నాతో కలిపి ఐదుగురం, ఐదు సిస్టమ్‌లు. కొన్నప్పుడు షాపతను "ఆఫీస్ ఫ్రీగా వేసిచ్చా సార్" అన్నాడు. ఆ ఫ్రీ ఏంటో మొన్న తెలిసింది. ఎక్సెల్ తెరిస్తే పైన ఎర్రగా యాక్టివేషన్ ఫెయిల్ అని వచ్చింది, షీటులో ఒక్క అంకె మారనివ్వలేదు. క్రాక్ అట, అంటే లైసెన్సు లేని దొంగ కాపీ. ఇప్పుడు అన్నిటికీ లైసెన్సు కొనాలా, ఉచితంగా దొరికే లిబ్రేఆఫీస్ వేసుకుని ఊరుకోవాలా? మా బావమరిదేమో మైక్రోసాఫ్ట్ 365 ఫ్యామిలీ ప్లాన్ తీసుకో బావా, ఆరుగురు వాడుకోవచ్చు అంటున్నాడు. మా పనంతా క్లయింట్ల షీట్లు, జీఎస్టీ, తెలుగులో ఉత్తరాలు.

యార్డు గుమస్తా:
లిబ్రే వేసెయ్యండి సార్, ఇందులో ఆలోచించేదేముంది. మిర్చి యార్డులో మా కమీషన్ కొట్టు లెక్కలన్నీ అందులోనే. రైతుకిచ్చే పట్టీ చూడండి: ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు), తూకమెంత, క్వింటా ఎంతకు పోయింది, హమాలీ ఎంత, చేతికొచ్చేది ఎంత. అర పేజీ. సీజన్లో రైతు కౌంటర్ ముందు నిలబడి ఉంటాడు, ఆ అర పేజీ టక్కున రావాలి, అంతే. వస్తోంది. ఎక్స్‌లుకప్ అనే వెతుకులాట ఫార్ములా 24.8 వెర్షన్ నుంచి లిబ్రేలో కూడా ఉంది. డబ్బులు పోసి కొన్న ఎక్సెల్ 2019లో అది లేదు!

బెజవాడ ట్యాక్స్:
గుమస్తా గారూ, పట్టీ వేరు, రిటర్న్ వేరు. జీఎస్టీ వార్షిక రిటర్న్ జీఎస్టీఆర్-9 ఆఫ్‌లైన్ టూల్ మాక్రోలున్న (లోపల చిన్న ప్రోగ్రాములున్న) ఎక్సెల్ ఫైలు. ఎక్సెల్‌లో తెరిచి మాక్రోలు ఎనేబుల్ చేస్తేనే పనిచేస్తుంది. గడువు డిసెంబరు 31. ఒక ఏడాది 30వ తారీఖు రాత్రి మా జూనియర్ దాన్ని లిబ్రేలో తెరిచాడు. అంకెలన్నీ నింపాడు, వ్యాలిడేట్ బటన్ నొక్కాడు. ఉలుకూ లేదు, పలుకూ లేదు. మళ్లీ నొక్కాడు. పదకొండింటికి నాకు ఫోను. ఆ టెన్షన్ మీకెందుకు?

ఇక పద్దులు గారూ, ఫ్యామిలీ ప్లాన్ ఇంటివాళ్ల సొంత వాడకానికి. వ్యాపారానికి వాడటం దాని షరతుల్లోనే లేదు. క్రాక్ సంగతంటారా, తెలిసీ దొంగ కాపీ వాడితే కాపీరైట్ చట్టం 63బి సెక్షన్ ఉంది. వారం నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. నిన్నటిదాకా తెలియదన్నారు సరే, ఇప్పుడు తెలిసింది కదా.

యార్డు గుమస్తా:
ఆ ఫైలు ఒప్పుకుంటాను. కానీ పద్దులు గారూ, రిటర్న్ టూల్ మీ ఐదుగురూ ఒకేసారి తెరుస్తారా? ఒక సిస్టమ్‌లో ఎక్సెల్ ఉంటే చాలు. చిన్న పార్టీలవి నేరుగా పోర్టల్‌లోనే నింపేయొచ్చు.

బెజవాడ ట్యాక్స్:
క్లయింట్ పవర్ క్వెరీ (వేరే ఫైళ్ల నుంచి డేటా లాగే సదుపాయం) పెట్టిన షీటు పంపితే? లిబ్రేలో ఆ సదుపాయమే లేదు. ఇంకోటి, రేపు లిబ్రే వాళ్లు దుకాణం మూసేస్తే ఎవర్ని అడుగుతారు?

యార్డు గుమస్తా:
మూసేయడం గురించి మీరే ఎత్తారు కాబట్టి చెప్తాను. దీని మూలం స్టార్ ఆఫీస్. 1999లో దాన్ని సన్ కంపెనీ కొన్నది, ఆ తర్వాత కోడ్ బయటపెట్టి ఓపెన్ ఆఫీస్ చేసింది. 2010లో సన్‌ని ఒరాకిల్ కంపెనీ మింగేసింది. నచ్చనివాళ్లు అదే ఏడాది ఆ కోడ్ పట్టుకుని బయటికొచ్చి లిబ్రేఆఫీస్ పెట్టారు. యజమానులు మారినా సరుకు ఆగలేదు. మరి డబ్బిచ్చి కొన్న ఆఫీస్ 2016, 2019? 2025 అక్టోబరు 14తో రెండిటికీ సపోర్టు అయిపోయింది.

అరండల్‌పేట డీటీపీ:
ఇద్దరూ ఎక్సెల్ దగ్గరే కొట్టుకుంటున్నారు. ఆయన తెలుగు ఉత్తరాలు అని కూడా రాశారు, ఎవరూ పట్టించుకోలేదు. నా దగ్గరికి రోజూ వచ్చే గొడవే ఇది. మొన్న ఒకాయన వర్డ్‌లో కొట్టిన నోటీసు పెన్‌డ్రైవ్‌లో తెచ్చాడు. ఇంట్లో ఒక పేజీ, నా దగ్గర తెరిస్తే పేజీన్నర. సంతకం చోటు ఒంటరిగా రెండో పేజీలో పడింది. "మీది ఫ్రీ సాఫ్ట్‌వేరా?" అని మొహమ్మీదే అడిగాడు. నాదీ వర్డే! ఆయన గౌతమి ఫాంట్‌లో కొట్టాడు, నా విండోస్ 10లో అది లేదు. తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్ అని సెట్టింగ్స్‌లో విడిగా వేసుకోవాలి. వేశాక మళ్లీ ఒక పేజీకి వచ్చింది. లిబ్రే మీద పడే నిందల్లో చాలావరకు ఫాంట్ చేసినవే. మండలి లాంటి ఉచిత ఫాంట్ ఒకటి అన్ని సిస్టమ్‌లలో వేసుకోండి, బయటికి పంపేది పీడీఎఫ్‌లో పంపండి. అను అనే పాత డీటీపీ ఫాంట్స్‌లో కొట్టిన పాత ఫైళ్లుంటే మాత్రం ఆ ఫాంట్స్ లేని చోట వర్డ్‌లోనూ లిబ్రేలోనూ ఒకేలా పిచ్చిగీతలు కనిపిస్తాయి, ఏం కొన్నా లాభం లేదు.

బెజవాడ ట్యాక్స్:
ఫాంట్ మాట నిజమే. అయినా నేనైతే కనీసం రెండు లైసెన్సులు కొంటాను. డిసెంబరు 31న ఆ ఒక్క సిస్టమే మొరాయిస్తే?

బ్రాడీపేట పద్దులు:
ఈ ముక్క గుచ్చుకుంది. సరే, నా సిస్టమ్‌కీ సీనియర్ సిస్టమ్‌కీ వ్యాపారానికి పనికొచ్చే లైసెన్సులు తీసుకుంటున్నా. మిగతా మూడింట్లో క్రాక్ పీకేసి లిబ్రే వేశాను. మధ్యాహ్నం నుంచి మా ఆఫీసులో అమ్మాయి పది నిమిషాలకోసారి అడుగుతోంది: "సార్, సేవ్ కొడితే ఏ ఫార్మాట్ కావాలంటోంది, ఏది నొక్కను?" క్లయింట్లందరికీ ఎక్సెల్ ఫైలే పంపాలి మరి.

యార్డు గుమస్తా:
టూల్స్‌లో ఆప్షన్స్, అందులో లోడ్/సేవ్, జనరల్. కింద స్ప్రెడ్‌షీట్ ఎంచుకుని పక్కన ఎక్సెల్ 2007-365 పెట్టండి. అక్కడే హెచ్చరించమనే టిక్కు ఒకటుంటుంది, అది తీసేయండి. ఇక అడగదు. మూడు సిస్టమ్‌లలోనూ పెట్టాలండోయ్, ఒక్కదాంట్లో పెట్టి ఊరుకోకండి.