నాన్నకి స్టెంట్ ఉంది, యూరప్ ట్రిప్‌కి ఇన్సూరెన్స్ ఫారంలో ఆ సంగతి రాయాలా వద్దా?

కుందలహళ్లి గేట్ వాసి:

అందరికీ నమస్కారం. మేము బెంగళూరులో ఉంటాం. మే నెలలో పిల్లలకి సెలవులు కదా, అమ్మానాన్నల్ని కూడా తీసుకుని పారిస్, స్విట్జర్లాండ్, చివర్లో మూడు రోజులు లండన్, మొత్తం 14 రోజులు ప్లాన్ చేశాం. వాళ్లు నంద్యాలలో ఉంటారు, ఇద్దరికీ ఇదే మొదటి విదేశీ ప్రయాణం. నాన్నకి 67, అమ్మకి 61. నాన్నకి సుగరు, బీపీ ఎప్పటినుంచో ఉన్నాయి, నాలుగేళ్ల కిందట గుండెకి స్టెంట్ వేశారు. ఇప్పుడు బాగానే ఉన్నారు, పొద్దున్నే నాలుగు కిలోమీటర్లు నడిచి వస్తారు, నేను రెండు కూడా నడవను.

ఇన్సూరెన్స్ దగ్గర ఆగిపోయాను. ట్రావెల్ ఏజెంటు ప్యాకేజీలో ఇన్సూరెన్స్ ఫ్రీ అంటున్నాడు. కాగితం అడిగితే 30,000 డాలర్లు అని ఉన్న ఒక పేజీ సర్టిఫికెట్ వాట్సాప్‌లో పంపాడు. నేను ఆన్‌లైన్‌లో చూస్తే నాన్న వయసుకి ఒక్కో కంపెనీ ఒక్కో రేటు, పైకి అన్నీ ఒకేలా ఉన్నాయి. ముందునుంచి జబ్బులేమైనా ఉన్నాయా అని ఫారంలో అడిగారు. స్టెంట్ సంగతి చెప్తే ఏజెంటు "సార్, నో అని టిక్ పెట్టేయండి, వీసావాళ్లు అమౌంట్ ఒక్కటే చూస్తారు" అన్నాడు. మా ఆవిడ ఒప్పుకోవట్లేదు. నాన్నేమో "నాకేం అవుతుందిరా, ఆ డబ్బులు పెట్టి పిల్లలకి ఏమన్నా కొను" అంటున్నారు.

మా ఆఫీసు హెల్త్ ఇన్సూరెన్స్‌లో అమ్మానాన్నలు ఉన్నారు, అది అక్కడ పనికొస్తుందా? క్రెడిట్ కార్డు మీద కూడా ఏదో ట్రావెల్ కవర్ ఉందని రాసి ఉంది. ఎవరైనా పెద్దవాళ్లని తీసుకెళ్లి, నిజంగా క్లెయిమ్ చేసినవాళ్లు ఉంటే చెప్పండి.

తిరుపతి టు వైట్‌ఫీల్డ్:

అన్నా, మీ ఆవిడ చెప్పిందే వినండి.

మేము మా అత్తయ్యని ఇటలీ తీసుకెళ్లాం. ఆవిడకి ఇరవై ఏళ్ల సుగరు. నాలుగో రోజు వాంతులు, నీరసం, మాట కూడా తడబడింది, హోటల్ వాళ్లు 112కి ఫోన్ చేశారు, రెండు రాత్రులు ఆసుపత్రిలో పెట్టారు. అక్కడ డాక్టర్ మొదట అడిగేది ఏంటంటే ఏం జబ్బులున్నాయి, ఏం మందులు వాడుతున్నారు అని. మా అత్తయ్యకి ఇంగ్లీషు రాదు గానీ సుగరు చరిత్ర మొత్తం పూసగుచ్చినట్టు నాతో చెప్పించింది, ఏ సంవత్సరం మొదలైంది, ఏ మాత్ర మార్చారు, అన్నీ. అదంతా డిశ్చార్జి కాగితంలో ఎక్కింది, ఆ కాగితమే ఇన్సూరెన్స్ కంపెనీకి వెళ్లింది. నేను చెప్పేది ఇదే, ఇక్కడ ఫారంలో దాచినా అక్కడ మంచం మీద పడుకున్నాక మన నోటితో మనమే చెప్తాం, చెప్పకపోతే వైద్యమే తప్పుదారి పడుతుంది కదా. స్టెంట్ అయితే ఇంకా దారుణం, యాంజియోగ్రాం తీస్తే కనబడిపోతుంది.

మేము డిక్లేర్ చేసి, ముందునుంచి ఉన్న జబ్బులకి కూడా కొంత కవర్ ఇచ్చే ప్లాన్ తీసుకున్నాం కాబట్టి బతికిపోయాం. అయినా పాత రిపోర్టులు పంపండి, ఇటాలియన్ బిల్లులకి అనువాదం పంపండి అంటూ నెలలు తిప్పారు. ఆసుపత్రి ఖర్చు వచ్చింది. రానిది ఏంటంటే మేము అదనంగా ఉన్న హోటల్, మార్చుకున్న టికెట్లు. నేను కొన్న ప్లాన్‌లో అవి లేవు, కొనేటప్పుడు అసలు ఆ వైపే చూడలేదు. మీరు చూడండి.

ఇంకోటి, నాన్నగారి మందుల చీటీలో కంపెనీ పేర్లు కాకుండా మందు అసలు పేరు రాయించుకోండి. మన బ్రాండు పేరు చెప్తే అక్కడ మందుల షాపువాడికి అర్థం కాదు.

ఉప్పూ కారం:

నేను పదేళ్లుగా తిరుగుతున్నాను, ఒక్కసారి కూడా ఇన్సూరెన్స్ వాడలేదు. వీసాకి సరిపడా అన్నిటికన్నా చవకది తీసుకోండి, మిగతా డబ్బుతో జ్యూరిక్‌లో ఒక పూట భోజనం వస్తుంది, అక్కడ రేట్లు అలా ఉంటాయి 😀

క్లెయిమ్స్ గుమాస్తా:

ఉప్పూ కారం గారూ, మీరు ఒంటరిగా తిరిగే మనిషి అనుకుంటా, ఆయన 67 ఏళ్ల హార్ట్ పేషెంట్‌ని తీసుకెళ్తున్నాడు. ఇద్దరికీ ఒకే సలహా ఎలా కుదురుతుంది.

నేను ఇక్కడే బెంగళూరులో క్లెయిమ్‌లు చూసే పనిలో కొన్నేళ్లు ఉన్నాను, ఇప్పుడు మానేశాను కాబట్టి తెగించి రాస్తున్నా.

ముందు ఆ ఫ్రీ సర్టిఫికెట్ సంగతి. షెంజెన్ (ఒకే వీసాతో తిరగనిచ్చే యూరప్ దేశాల గుంపు) వీసాకి అడిగేది కనీసం 30,000 యూరోలు, డాలర్లు కాదు. 30,000 డాలర్ల పాలసీ ఆ లెక్కకి చాలదు. మీ ఏజెంటు అదే చూడలేదంటే మిగతాది ఏం చూసి ఉంటాడు. అందుకే మన కంపెనీలు చాలావరకు షెంజెన్ అని పేరు పెట్టి 50,000 డాలర్ల నుంచి అమ్ముతాయి. ఆ కవర్ షెంజెన్ దేశాలన్నిటిలో, మీరు ఉండే అన్ని రోజులూ చెల్లాలి, అత్యవసర వైద్యం, అవసరమైతే మనిషిని ఇంటికి చేర్చే ఖర్చు కూడా అందులో ఉండాలి. స్విట్జర్లాండ్ యూరోపియన్ యూనియన్‌లో లేదు గానీ షెంజెన్‌లో ఉంది, గొడవ లేదు. లండన్ దగ్గరే తిరకాసు. బ్రిటన్ షెంజెన్ కాదు. ఉత్త షెంజెన్ ప్లాన్ తీసుకుంటే చివరి మూడు రోజులు మీకు ఇన్సూరెన్స్ లేనట్టే. బ్రిటన్ వీసాకి ఇన్సూరెన్స్ అడగరు, అందుకే చాలామంది మర్చిపోతారు. అక్కడ ఎమర్జెన్సీ గదిలో చూసినందుకు డబ్బు తీసుకోరు గానీ వార్డులో చేర్చుకుంటే ఇంగ్లాండులో బయటి దేశం వాళ్ల దగ్గర వాళ్ల మామూలు రేటుకి ఒకటిన్నర రెట్లు వసూలు చేస్తారు. కాబట్టి అమెరికా, కెనడా తప్ప ప్రపంచమంతా అనే రకం ప్లాన్ చూడండి, షెంజెన్‌కి చెల్లుతుందని సర్టిఫికెట్ మీద రాసి ఉండాలి.

ఇప్పుడు స్టెంట్. మామూలు పాలసీల్లో ముందునుంచి ఉన్న జబ్బు వల్ల వచ్చిన ఖర్చు ఇవ్వరు. కొన్నిట్లో ప్రాణం మీదకి వచ్చినప్పుడు మాత్రం ఇస్తామని ఉంటుంది, దానికి కూడా వేరే చిన్న పరిమితి పెడతారు. పైన పెద్ద అక్షరాల్లో లక్ష డాలర్లు ఉంటుంది, లోపల ఈ లైనులో చాలా తక్కువ ఉంటుంది. మీరు చూడాల్సిన అంకె ఆ లోపలిది. అరవై దాటినవాళ్లకి ఇంకో మెలిక, గది అద్దెకి ఇంత, ఐసీయూకి రోజుకి ఇంత, సర్జన్‌కి ఇంత అని సబ్ లిమిట్లు ఉంటాయి. సబ్ లిమిట్ లేని ప్లాన్ ఖరీదు ఎక్కువ, కానీ నాన్నగారికి తీసుకోవాల్సింది అదే. మీకూ పిల్లలకీ చవకది చాలు, అందరికీ ఒకే ప్లాన్ కొనాలని రూలేం లేదు.

దాచితే ఏమవుతుందో తిరుపతి గారు చెప్పేశారు. నేను కలిపేది ఒకటే, ఫారంలో నో అని పెట్టారంటే గుండెకి సంబంధం లేని క్లెయిమ్ వచ్చినా కంపెనీ చేతికి మనమే కర్ర ఇచ్చినట్టు. కాలు జారి పడ్డా "కళ్లు తిరిగి పడ్డారేమో, పాత రికార్డులు పంపండి" అని మొదలుపెడతారు. నేనే అలాంటి ఉత్తరాలు రాశాను, సిగ్గుపడాలో లేదో తెలీదు, డ్యూటీ అది.

ఆఫీసు పాలసీ మామూలుగా ఇండియాలో వైద్యానికే, హెచ్‌ఆర్‌ని అడిగి చూడండి గానీ ఆశ పెట్టుకోకండి. క్రెడిట్ కార్డు కవర్ చాలావరకు విమాన ప్రమాదానికి, అది కూడా టికెట్ అదే కార్డు మీద కొంటేనే, పైగా కార్డు ఉన్న మనిషికే. మీ నాన్నగారి గుండెకీ దానికీ సంబంధం లేదు.

ఏదైనా అయితే మొదటి ఫోన్ పాలసీ మీద ఉన్న అసిస్టెన్స్ నంబరుకి. చాలామంది బిల్లు మొత్తం కార్డు గీకి కట్టేసి, ఇంటికొచ్చాక తీరిగ్గా ఫోన్ చేస్తారు. చేర్చిన రోజే చెప్తే చాలాసార్లు ఆసుపత్రితో వాళ్లే మాట్లాడి క్యాష్‌లెస్ చేస్తారు. ఆ నంబరు మీ ఫోన్లో ఒక్కదాన్లోనే కాదు, అమ్మగారి పర్సులో కాగితం మీద కూడా ఉండాలి, పడిపోయేది మీరే అయితే?

సామాను గురించి రెండు ముక్కలు. బ్యాగు రాకపోతే ఎయిర్‌పోర్టు దాటకముందే ఎయిర్‌లైన్స్ కౌంటర్‌లో రిపోర్టు రాయించుకోండి, అది లేకపోతే క్లెయిమ్ లేదు. బ్యాగు ఆలస్యం కవర్ చాలా పాలసీల్లో వెళ్లేటప్పుడే, తిరిగి బెంగళూరు వచ్చాక ఆలస్యమైతే ఇవ్వరు, ఇంట్లో బట్టలుంటాయి కదా అని. ఇది కాక ఎయిర్‌లైన్స్ బాధ్యత వేరే ఉంది, అంతర్జాతీయ విమాన ప్రయాణాలకి ఉన్న మాంట్రియల్ ఒప్పందం ప్రకారం ఒక ప్రయాణికుడికి 1,519 ఎస్‌డీఆర్ (ఐఎంఎఫ్ వాడే లెక్కల యూనిట్) దాకా, అది 2024 డిసెంబరు చివర్లో పెంచిన పరిమితి. ఆలస్యంగా వచ్చిన బ్యాగుకి 21 రోజుల్లోపు, దెబ్బతిన్న బ్యాగుకి 7 రోజుల్లోపు రాసి ఇవ్వాలి. నగలు, క్యాష్ చెక్ ఇన్ బ్యాగులో పెట్టి పోయాయని ఏడిస్తే ఎవరూ ఇవ్వరు.

బాలి బాధితుడు:

నాదీ ఒకటి. యూరప్ కాదు, బాలి. స్కూటర్ అద్దెకి తీసుకున్నాం నేనూ మా బామ్మర్దీ, ఉబుద్ వైపు వెళ్తూ పడ్డాం, వాడికి చెయ్యి విరిగింది. మన డ్రైవింగ్ లైసెన్సు ఉంది కదా అనుకున్నాను. ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ ఏది అని అడిగారు, లేదు, క్లెయిమ్ పోయింది. మన ఆర్టీవో ఆఫీసులో వెయ్యి రూపాయలు కట్టి ఉంటే వచ్చేది, ఏడాది చెల్లుతుంది. చెయ్యికి పెట్టిన ఖర్చు చెప్పను, మా ఆవిడ కూడా ఇది చదువుతుంది.

స్విట్జర్లాండ్ అన్నారు కాబట్టి ఇంటర్లాకెన్‌లో పారాగ్లైడింగ్ ఎవరైనా చేయాలనుకుంటే పాలసీలో సాహస క్రీడలు ఉన్నాయో లేదో చూసుకోండి, చాలావాటిలో ఉండవు. నాన్నగారిని యుంగ్‌ఫ్రావ్‌యోక్ స్టేషన్‌కి తీసుకెళ్తారా? అది 3,454 మీటర్ల ఎత్తు, రైలులో కూర్చునే వెళ్లినా గాలి పలచగా ఉంటుంది. ఇన్సూరెన్స్ కంటే ముందు ఆయన గుండె డాక్టర్ని అడగండి. కొండల మీద అవస్థ వస్తే రేగా అని హెలికాప్టర్లు నడిపే సంస్థ ఉంది, ఇన్సూరెన్స్ లేనివాళ్లకి ఆ బిల్లు ఇంటికే వస్తుంది.

ఉప్పూ కారం:

సరే సరే, ఒప్పుకుంటున్నా. నేను ఒంటరి మనిషినే. కానీ ఒక అనుమానం, అన్నీ చెప్పి, ఖరీదైన ప్లాన్ కొని, అప్పుడు కూడా కంపెనీ ఇవ్వనంటే ఏం చేస్తాం?

క్లెయిమ్స్ గుమాస్తా:

మంచి అనుమానమే. ముందు కంపెనీకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. నెలరోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా బీమా అంబుడ్స్‌మన్ (బీమా ఫిర్యాదులు విని తేల్చే అధికారి) దగ్గరికి వెళ్లొచ్చు, బెంగళూరు ఆఫీసు జేపీ నగర్‌లో ఉంది. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, ఏడాదిలోపు వెళ్లాలి. కాగితాలు సరిగ్గా ఉన్నవాళ్లు అక్కడ గెలవడం చూశాను. ఫారంలో నో అని టిక్ పెట్టినవాళ్లు మాత్రం అక్కడ కూర్చుని మెల్లగా మాట్లాడతారు.

కుందలహళ్లి గేట్ వాసి:

అందరికీ చాలా థాంక్స్. నిన్నంతా ఇదే పని. ఏజెంటుకి ఇన్సూరెన్స్ వద్దని చెప్పేశాను, ప్యాకేజీలోంచి తీసేస్తే రేటు తగ్గుతుందా అంటే తగ్గదట, ఫ్రీ కదా సార్ అన్నాడు. సరే ఉండనీ.

రెండు కంపెనీలకి ఫోన్ చేసి ఒకే ప్రశ్న అడిగాను: "స్టెంట్ ఉన్న 67 ఏళ్ల మనిషికి అక్కడ గుండెపోటు వస్తే ఎంతవరకు ఇస్తారు?" ఒకరు "అన్నీ కవర్ సార్" అన్నారు, అదే మెయిల్‌లో రాయమంటే ఇప్పటిదాకా రాయలేదు. ఇంకొకరు అరగంట ఫోన్లో కూర్చోబెట్టి, తర్వాత మెయిల్ పంపారు, ప్రాణాపాయం అయితేనే, ఇంత పరిమితి, డిడక్టిబుల్ కింద మొదటి వంద డాలర్లు మీవే అని. కవర్ తక్కువే అనిపించింది గానీ రాసి ఇచ్చారు కదా, నాన్నకి అదే సబ్ లిమిట్ లేని రకంలో తీసుకుంటున్నాను, మిగతా అందరికీ మామూలుది. తేదీలు కూడా ఒకరోజు తక్కువ వేయబోయాను, రాత్రి విమానం ఎక్కితే తెల్లారి దిగుతాం కదా, ఆ రోజు కూడా కలిపాను.

యుంగ్‌ఫ్రావ్‌యోక్ విషయం డాక్టర్‌ని అడిగాను, ముందు ట్రెడ్‌మిల్ టెస్టు చేయించి రమ్మన్నారు. నాన్నకి కోపం వచ్చింది, మంచు చూపిస్తానని చెప్పి ఆసుపత్రి చూపిస్తున్నావేంట్రా అని. శనివారం తీసుకెళ్తున్నా. ఆయన రాకపోతే కింద లౌటర్‌బ్రున్నెన్‌లో అమ్మతో కూర్చుంటారు, అక్కడ జలపాతాలు బాగుంటాయట, ఎవరైనా పెద్దవాళ్లతో వెళ్లినవాళ్లు ఉంటే అక్కడ నడక ఎంత ఉంటుందో చెప్పండి.