అమ్మకు షుగర్ వచ్చింది, కవల చెల్లెలికి రాలేదు: జన్యువులు ఒకటే కదా?

ప్రశ్న (నకిరేకల్)
మా అమ్మ, చిన్నమ్మ ఒకే కాన్పులో పుట్టిన కవలలు. ఎవరు ఎవరో తేల్చుకోలేక అమ్మమ్మ మా అమ్మ మోచేతి మీద పచ్చబొట్టు పొడిపించిందట. అమ్మకు 43వ ఏట షుగర్ బయటపడింది. దేవరకొండకు కోడలిగా వెళ్లిన చిన్నమ్మకు 56 ఏళ్లు నిండినా ఆ జబ్బు లేదు. ఇది ఎలా సాధ్యమో తెలిసినవారు వివరించగలరు.

జవాబు 1 (మహబూబ్‌నగర్, జీవశాస్త్ర అధ్యాపకుడు)
జన్యువు ఉండటం వేరు, అది పనిచేయడం వేరు. కాలేయంలోనూ కొవ్వులోనూ ఉన్నది ఒకే డీఎన్‌ఏ అయినా, ఏ జన్యువు ఎక్కడ ఎంత పనిచేయాలన్నది కణజాలాన్ని బట్టి మారుతుంది. లండన్ కింగ్స్ కాలేజీలో కెరిన్ స్మాల్ పరిశోధిస్తున్నది ఈ జన్యు నియంత్రణనే. అక్కడ 1992లో మొదలైన కవలల నమోదులో చేరిన మహిళల్లో సుమారు 850 మంది నుంచి, బొడ్డు కింద 8 మిల్లీమీటర్ల మేర చర్మాన్నీ దాని అడుగున ఉన్న కొవ్వునూ తీసి, వాటిలో జన్యువుల పనితీరును కొలిచారు. రక్తం ఒక్కటే పరీక్షించి ఉంటే కొవ్వులో జరిగేది తెలిసేది కాదు. 2011లో వెల్లడైన కేఎల్‌ఎఫ్14 సంగతి నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది: షుగర్ ముప్పుతో ముడిపడిన ఆ జన్యువులో తల్లి నుంచి వచ్చిన నకలు మాత్రమే పనిచేస్తుంది, తండ్రి నుంచి వచ్చినది మౌనంగా ఉండిపోతుంది.

అయితే సమరూప కవలలు, అంటే ఒకే పిండం రెండుగా విడిపోగా పుట్టినవారు, ఇద్దరికీ ఆ జన్యువు ఒకేలా సంక్రమిస్తుంది కాబట్టి, మీ ఇంటి తేడాకు డీఎన్‌ఏపై చేరి జన్యువుల పనితీరును మార్చగల మిథైల్ గుర్తులనే రసాయన గుర్తుల వంటివాటిని చూడాలి. స్పెయిన్‌లో 40 జతల కవలలపై జరిగి 2005లో వెలువడిన అధ్యయనంలో, చిన్న వయసులో దాదాపు ఒకేలా ఉన్న ఈ గుర్తులు, వయసు పెరిగి వేర్వేరు చోట్ల బతికిన జతల్లో బాగా వేరుపడి కనిపించాయి. ఆ మార్పు జబ్బుకు కారణమా, జబ్బు వల్ల వచ్చినదా అన్నది ఒక్కసారి తీసిన నమూనాతో తేలదు.

జవాబు 2 (వనపర్తి)
ముందు వారు నిజంగా సమరూప కవలలేనా అన్నది తేల్చుకోండి. నా కూతుళ్లు పుట్టినప్పుడు మాయలు రెండున్నాయి కనుక సమరూపం కాదని ఆసుపత్రిలో గట్టిగా చెప్పారు. తొమ్మిదేళ్ల తర్వాత డీఎన్‌ఏ పరీక్షలో సమరూపమేనని తేలింది. సమరూప కవలల్లో మూడింట ఒక వంతు జతలకు మాయలు విడివిడిగానే ఉంటాయట.

జవాబు 1
వారు సమరూప కవలలే అయితే, అక్కకు షుగర్ ఉన్నందున మీ చిన్నమ్మగారికీ ముప్పు ఎక్కువే. ఆమెకు హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు చక్కెరను చెప్పే రక్తపరీక్ష) చేయించారా?

ప్రశ్న అడిగినవారు
మూడేళ్ల కిందట పరగడుపున ఒకసారి రక్తం ఇచ్చిందట, అంతే. ఈ ఆదివారం దేవరకొండ వెళ్లి ఆ పరీక్ష చేయిస్తాను.