మొరం గ్రౌండ్‌కు ఏ ఫుట్‌బాల్: రబ్బరుదా, కుట్టుదా?

హన్మకొండ ఆదివారం బ్యాచ్:
మేం పది మందిమి. గ్రౌండ్‌లో గడ్డి లేదు, మొత్తం మొరం, కంకర. తలా వంద వేసుకుంటే వెయ్యి అవుతోంది. ఆ వెయ్యికీ ఒక కుట్టు బాల్ కొనాలా, రబ్బరుది తీసుకొని మిగిలింది పంపుకు పెట్టాలా? సగం మంది అటు, సగం ఇటు.

కాజీపేట డిఫెండర్:
రబ్బరుదే అన్నా. నివియా స్టార్మ్ లాంటివి అచ్చు పోసినవి. పైన ముక్కలు ముక్కలుగా గీతలు కనిపిస్తాయి గానీ దారం ఉండదు. మొరం మీద ముందు పోయేది దారమే. పోయినేడు మేం కొన్న కుట్టు బాల్ నెల తిరక్కముందే ఒక మూల నోరు తెరిచింది, బ్లాడర్ (లోపలి గాలి సంచి) నల్లగా కోడిగుడ్డంత బయటికొచ్చింది. షాపాయనకు చూపిస్తే "గ్రౌండ్ మార్చండి" అన్నాడు!

ములుగురోడ్ 7:
దారం సంగతి సరే, తల సంగతేంది? రబ్బరు బాల్‌తో హెడర్ కొడితే నుదురు చిమచిమలాడుతుంది. మా కాలనీ పిల్లలు బాల్ పైనుంచి వస్తుంటేనే పక్కకు జరుగుతున్నారు. పైగా గట్టి నేల మీద ఎగిరెగిరి పడుతుంది, కాలికి ఆగదు. పీయూ (ఒక రకం కృత్రిమ తోలు) తొడుగున్న కుట్టు బాల్ అయితే మెత్తగా వస్తుంది.

కాజీపేట డిఫెండర్:
అది గాలి ఎక్కువై కావొచ్చు. ఎక్కడ కొట్టిస్తున్నారు? పంక్చర్ షాపులోనేగా? బైక్ వెనక టైరుకు 30 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) దాకా పడుతుంది. ఫుట్‌బాల్‌కు రూల్ ప్రకారమే 8.5 నుంచి 15.6. మేం 9 దగ్గర ఆపుతాం. వాల్వ్ పక్కన ఎంతని రాసుంటే దాన్ని దాటొద్దు.

పాత గోల్‌కీపర్:
ఇద్దరూ సైజు మర్చిపోయారు. పెద్దోళ్లకు 5 నంబర్: చుట్టుకొలత 68–70 సెంటీమీటర్లు, బరువు 410–450 గ్రాములు. 12 ఏళ్ల లోపు పిల్లలకు 4 నంబర్ చాలు. తమ్మీ ములుగురోడ్, మీ పిల్లలు భయపడేది 5 నంబర్‌కేమో చూడు. నేనొకసారి చౌకగా వస్తోందని తెచ్చిన బాల్‌ను కిరాణా కొట్టు కాంటా మీద పెడితే 360 తూగింది. గాలికే పక్కకు పోయేది. ఇంకోటి, ఎండాకాలం బాల్‌ను కారు డిక్కీలో వదిలేయకండి, అతుకులు లేస్తాయి.

ములుగురోడ్ 7:
5 నంబరే అన్నా. 4 తెచ్చి చూస్తా. పెద్దోళ్ల ఆటకు మాత్రం నా మాట కుట్టు బాలే.

హన్మకొండ ఆదివారం బ్యాచ్:
రబ్బరుదే తెచ్చాం. పంపు, రెండు సూదులు కూడా వచ్చాయి. సూది తడపకుండా గుచ్చి మావాడు ఒకటి అప్పుడే విరిచాడు. ఇక గోల్ వెనక తుమ్మ చెట్టుంది, దాని ముల్లుకు రబ్బరైనా కుట్టైనా ఒకటే. ఈ ఆదివారం గోల్‌ను అటు చివరికి మారుస్తున్నాం.