భార్యకూ జీతం ఉంటే మనోవర్తి లెక్క ఎలా?

గోడమీదిపిల్లి: భర్తకు చేతికొచ్చే జీతం నెలకు 1,25,000. భార్య ప్రైవేటు స్కూల్లో టీచరు, 38,000. ఎనిమిదేళ్ల పాప తల్లి దగ్గరే ఉంటుంది. హిందూ వివాహం, విడాకుల కేసు హైదరాబాద్ ఫ్యామిలీ కోర్టులో. ఉద్యోగం ఉంది కాబట్టి పైసా రాదని ఒకరు, జీతంలో సగం వస్తుందని ఇంకొకరు అంటున్నారు. ఏది నిజం? ఇంటి లోన్ ఈఎంఐ 42,000 తీసేసి లెక్క కడతారా?

ఓపీనంబరు: రెండూ కాదండీ. భార్య ఎంతోకొంత సంపాదిస్తోందన్న ఒక్క కారణంతో మనోవర్తి కాదనకూడదని సుప్రీంకోర్టు 2014లోనే చెప్పింది. కాపురంలో ఉన్నప్పటి స్థాయిలో బతకడానికి ఆ 38,000 చాలుతుందా అన్నదే ప్రశ్న. ‘సగం’ అన్నది చట్టంలో ఎక్కడా లేదు. అందరూ చెప్పే 25 శాతం 2017 నాటి ఒక తీర్పులోది, అదీ నికర జీతం మీద. ఇక్కడ 31,250 అవుతుంది. ఆమె జీతం చూశాక బాగా తగ్గొచ్చు, పూర్తిగా కొట్టేయనూవచ్చు.

ఈఎంఐ మాత్రం సాధారణంగా తీయరు. ఆదాయపు పన్ను, తప్పనిసరి పీఎఫ్ వరకే. ఇంటి లోను, ఎల్ఐసీ, చీటీపాట ఇవన్నీ తనకు తానుగా పెట్టుకున్న కోతలు. ఆ ఫ్లాట్లో తల్లీబిడ్డలే ఉంటుంటే అప్పుడు మాట వేరు.

చిట్టాఆవర్జా: ‘చేతికొచ్చే జీతం’ అన్న మాటను నమ్మకండి. పేస్లిప్పులో వీపీఎఫ్ (తప్పనిసరి పీఎఫ్‌కు మించి ఇష్టంతో కట్టేది) గడి చూడండి. అక్కడ 15,000 ఉంటే అది పొదుపు, కోత కాదు. అసలు నికరం 1,40,000 అవుతుంది. బోనసు ఏ నెల పేస్లిప్పులో పడిందో వెతుక్కునే బదులు ఫారం-16లో (ఏడాది జీతం, పన్ను చూపుతూ కంపెనీ ఇచ్చే పత్రం) ఏడాది మొత్తం తీసుకుని పన్ను, పీఎఫ్ పోగా 12తో భాగించండి.

పాప ఖర్చు విడిగా అడగాలి. చాలా పిటిషన్లలో రెండూ కలిపి ఒకే అంకె వేస్తారు, అక్కడే దెబ్బ తింటారు. పిల్లల ఖర్చు తల్లిదండ్రులిద్దరూ ఆదాయాల నిష్పత్తిలో మోయాలని 2000లో పద్మజా శర్మ కేసులో తేల్చారు. నెలకు 20,000 ఖర్చనుకుంటే 125:38 చొప్పున తండ్రి వాటా సుమారు 15,340, తల్లిది 4,660.

ఓపీనంబరు: విడాకుల ఓపీలోనే (అసలు పిటిషన్) హిందూ వివాహ చట్టం సెక్షన్ 24 కింద ఐఏ (మధ్యంతర దరఖాస్తు) వేస్తే తాత్కాలిక మనోవర్తి అడగొచ్చు. ఇద్దరూ ఆస్తులు, అప్పుల అఫిడవిట్ ఇవ్వాలి. 2020 నాటి రజనీష్–నేహా తీర్పు ప్రకారం మనోవర్తి పిటిషన్ వేసిన తేదీ నుంచే లెక్క, ఆర్డరు తేదీ నుంచి కాదు. కాబట్టి ఆలస్యం చేసిన ప్రతి నెలా పోయినట్టే. గృహహింస కేసులో ఇప్పటికే 15,000 వస్తుంటే ఆ సంగతి దాచకూడదు, ఇక్కడ 25,000 వేసినా దాన్ని సర్దుబాటు చేస్తారు. అన్నట్టు, సెక్షన్ 24 కింద తక్కువ ఆదాయమున్న భర్త కూడా అడగొచ్చు.

గోడమీదిపిల్లి: అదే పరస్పర అంగీకారంతో ఒకేసారి తీసుకుంటే?

చిట్టాఆవర్జా: నెలనెలా వచ్చే భరణాన్ని ఆమె ఆదాయంగా చూసి పన్ను వేస్తారు. ఏకమొత్తాన్ని మూలధన రాబడిగానే చూస్తూ వచ్చారు. ఇచ్చేవారికి రెండింట్లోనూ మినహాయింపు లేదు. అంగీకార విడాకులకు కోర్టులో రెండు దశలుంటాయి, వాటినే మోషన్లంటారు. కొంత మొదటి మోషన్ నాడు, మిగతాది రెండో మోషన్ నాడు డీడీగా అని రాజీ మెమోలో తేదీలతో రాయించండి. ‘పాపకు కూడా ఇక ఏమీ అడగను’ అన్న వాక్యం కనబడితే కొట్టేయించండి. అది పాప హక్కు, తల్లి వదులుకున్నా పోదు.