ఏనుగుల్ని దగ్గరగా చూడాలంటే అంబోసెలీనా, చోబేనా?

వాసు_బెజవాడ: అక్టోబరులో అమ్మానాన్నలను ఆఫ్రికా తీసుకెళ్తున్నాను. నాన్నకు 68, మోకాళ్ల నొప్పులు. ఏనుగుల్ని దగ్గరగా చూడాలని ఆయన కోరిక. కెన్యాలో అంబోసెలీనా, బోట్స్వానాలో చోబేనా? ఎలాంటి క్యాంపు చూసుకోవాలి?

సఫారీ_సుబ్బు: అంబోసెలీ. ఇందులో ఆలోచించడానికేం లేదు. మూడుసార్లు వెళ్లొచ్చినవాణ్ణి. కిలిమంజారో నుంచి భూమి లోపలగా వచ్చిన నీళ్లు అక్కడ ఊరతాయి, చిత్తడి ఎండదు. ఏనుగులు కడుపు లోతు బురదలో దిగి గడ్డి పీక్కుని, వేళ్ల మట్టి దులుపుకుని మరీ తింటాయి. 1972 నుంచి ఏనుగుల పరిశోధకురాలు సింథియా మాస్ వాళ్లు ఒక్కోదాన్నీ చెవి అంచులు చూసి గుర్తుపడుతున్నారు. జీపు పక్కనే ఉన్నా పట్టించుకోవు. క్యాంపు మాత్రం పార్కు లోపలే తీసుకోండి.

నైరోబీ_నాగమణి: కెన్యా అయితే ఎల్లో ఫీవర్ టీకా పది రోజుల ముందే వేయించుకోండి. తిరిగొచ్చాక మన ఎయిర్‌పోర్టులో సర్టిఫికెట్ అడుగుతారు.

కృష్ణ_కసానె: మోకాళ్ల నొప్పులన్నారు కదండీ, చోబేలో పడవ ఎక్కించండి. గతుకుల బాధ ఉండదు. అక్టోబరంటే అక్కడ ఎండలు ముదిరి లోపలి గుంటలన్నీ ఎండిపోతాయి, మందలన్నీ నదికే వస్తాయి. పడవలోంచి ఏనుగును తల ఎత్తి చూడాలి. తొండం పైకెత్తి నది మధ్యలోని సెడుడు ద్వీపానికి ఈదుతుంటే ఆ ఊపిరి మనకు వినిపిస్తుంది.

సఫారీ_సుబ్బు: ఎన్ని మీటర్ల నుంచి?

కృష్ణ_కసానె: టేపు పట్టుకెళ్లలేదండీ.

సఫారీ_సుబ్బు: అదే నేననేది. నాకు అంబోసెలీలో ఎనిమిది మీటర్లు. ఫొటో ఉంది.

కృష్ణ_కసానె: అక్కడ బండి రోడ్డు దిగకూడదన్నది రూలు. రోడ్డు దగ్గరకు రాకపోతే బైనాక్యులరే గతి. ఎనిమిది మీటర్లు ఎలా వచ్చింది?

సఫారీ_సుబ్బు: డ్రైవర్ చేతిలో ఇరవై డాలర్లు పెడితే అన్నీ దిగుతాయి బ్రదర్.

కృష్ణ_కసానె: ఈ ముక్క మొదటే చెప్పాల్సింది. నిరుడు ఒక పార్కులో మా బండిలోనూ మీలాంటాయన ఒకడు ఎక్కాడు. ఇంకొంచెం, ఇంకొంచెం అని డ్రైవర్‌ను తొందరపెట్టాడు. తల్లికీ పిల్లకీ మధ్యలోకి వెళ్లి ఆగాం. చెవులు చాపి వచ్చేసింది. దుమ్ములో దాని దంతం తప్ప ఏమీ కనపడలేదు. మా ఆవిడ గోళ్ల గాట్లు నా చేతి మీద వారం ఉన్నాయి. పడవ ఎందుకంటున్నానో అర్థమైందా?

సఫారీ_సుబ్బు: చెవులు చాపితే ఉత్తుత్తి బెదిరింపే. తొండం లోపలికి ముడిస్తేనే నిజం దాడి.

కృష్ణ_కసానె: ఆ లెక్క దానికి చెప్పారా?

కుప్పం_కుర్రోడు: అన్నా, మా టమోటా తోటలోకి ఏనుగు వచ్చినప్పుడు మా నాయన మంచె మీద తెల్లార్లూ డబ్బా కొడతాడు, దూరం పో తల్లీ అని. దాని ముందుకు మీరు దుడ్డిచ్చి పోతారు. ఎనిమిది మీటర్లంట!

సఫారీ_సుబ్బు: అది వేరు, ఇది వేరు. అక్కడివి అలవాటు పడ్డవి.

నైరోబీ_నాగమణి: సుబ్బు గారూ, మీ ఇద్దరి గొడవ మీటర్ల గురించి కాదు. దగ్గరకు ఎవరు రావాలన్నది. మనం వెళ్తే డ్రైవర్ మీద ఒత్తిడి, తల్లి ఏనుగుకు కోపం. అదే వస్తే ఏ గొడవా లేదు. వాసు గారూ, మీరు అడిగిన రెండూ కాకుండా జింబాబ్వేలో హ్వాంగే చూడండి. అక్కడ ఏడాదంతా పారే నది లేదు, బోర్లు వేసి నీటిగుంటలు నింపుతారు. అక్టోబరు ఎండకు మందలు ఆ గుంటల మీదే పడతాయి. ముందు నీటిగుంట ఉన్న క్యాంపు తీసుకుంటే నాన్నగారు కుర్చీలో కూర్చునే చూడొచ్చు. కొన్నిచోట్ల నీటి పక్కనే నేలలోకి దింపిన గది ఉంటుంది, హైడ్ అంటారు. సన్నటి కిటికీలోంచి చూస్తే కళ్లెదుట కాళ్లే. గోళ్ల మధ్య ఎండిన బురద పెచ్చులు కూడా కనిపిస్తాయి.

సఫారీ_సుబ్బు: కుర్చీలో కూర్చోవడానికి అంత దూరం ఎందుకండీ.

వాసు_బెజవాడ: నాన్నకు మొత్తం చదివి వినిపించాను. నాగమణి గారూ, ఆ నేలలోకి దింపిన గదికి మెట్లు ఎన్ని ఉంటాయని అడుగుతున్నారు.