ఈటీపీలో మైక్రోస్కోప్ అవసరమా, సీఓడీ చాలదా?

బ్లోయర్‌బాబు:
మాది ఫార్మా కంపెనీలో ఈటీపీ, అంటే మురుగునీళ్లు శుద్ధిచేసే ప్లాంట్. కొత్త మేనేజర్ మైక్రోస్కోప్‌ని బీరువాలో పెట్టించేశాడు, సీఓడీ (నీళ్లలో కాలుష్యం ఎంతుందో రసాయనాలతో కొలిచే పరీక్ష) చూస్తే చాలట. బ్యాక్టీరియాకి గాలి ఊదే ఏరేషన్ ట్యాంక్ నీళ్లు ఒక చుక్క స్లైడ్ మీద వేస్తే ప్లాంట్ సంగతి అక్కడే తెలుస్తుంది కదా. వోర్టిసెల్లాలనే ఏకకణ జీవులు కాడల మీద నిలబడి నోటి చుట్టూ వెంట్రుకలు గిరగిరా తిప్పుతుంటే అంతా బాగున్నట్టే. ముడుచుకుపోయినా, కాడ వదిలేసి ఈదుతున్నా ఆక్సిజన్ తగ్గిందో విషం పడిందో అని అనుమానించాలి. మీరేమంటారు?

సీఓడీ_శర్మ:
సీఓడీకి రెండు గంటల రిఫ్లక్స్, మూడు గంటల్లో నంబర్ చేతికొస్తుంది. పొల్యూషన్ బోర్డుకి ఏం రాసిస్తావు, ఇవాళ వోర్టిసెల్లా హుషారుగా ఉందనా?

బ్లోయర్‌బాబు:
బోర్డుకి రాయమని ఎవరన్నారు సార్? ఔట్‌లెట్‌లో సీఓడీ పెరిగిందంటే ఆ నీళ్లు అప్పటికే బయటికి పోయినట్టు. బీఓడీ (కాలుష్యాన్ని తినడానికి సూక్ష్మజీవులు వాడే ఆక్సిజన్ కొలిచే పరీక్ష) అయితే 27 డిగ్రీల్లో మూడు రోజులు. స్లడ్జ్ (బ్యాక్టీరియా బురద) అడుక్కి దిగట్లేదని కొలత సిలిండర్ చెబుతుంది, ఎందుకు దిగట్లేదో చెప్పదు. ఫ్లాకుల్లోంచి, అంటే బ్యాక్టీరియా ముద్దల్లోంచి, పీచు బ్యాక్టీరియా పొడుచుకొచ్చిందా, ఫ్లాకే చితికిపోయిందా? రెండింటికీ మందు వేరు.

నీటిచుక్క:
100 రెట్లు పెద్దగా చూపించేది సరిపోతుందా అన్నా?

సీఓడీ_శర్మ:
ఇటలీలో మడోని 1994లో ఇచ్చిన స్లడ్జ్ బయోటిక్ ఇండెక్స్ (స్లడ్జ్‌లో కనిపించే జీవుల్ని బట్టి మార్కులేసే పద్ధతి) నేనూ చదివాను. మన ఫార్మా నీళ్లలో ఉప్పెక్కువ, రోటిఫర్ అనే సూక్ష్మజీవి ఒక్కటీ కనపడకపోయినా సీఓడీ దిగుతుంది. దాన్ని తినేది బ్యాక్టీరియా, నీ వోర్టిసెల్లా కాదు.

బ్లోయర్‌బాబు:
అందుకే మన స్లైడ్‌ని మన నిన్నటి స్లైడ్‌తోనే పోల్చాలంటున్నా. పాత కంపెనీలో ఒక రాత్రి ప్రొడక్షన్ వాళ్లు సాల్వెంట్ నీళ్లు చెప్పాపెట్టకుండా వదిలారు. స్లైడ్‌లో కదిలేది ఒక్కటీ లేదు. ఫీడ్ (ట్యాంక్‌లోకి వచ్చే నీళ్లు) ఆపుదామంటే ల్యాబ్ రిపోర్ట్ రానీ అన్నారు. పొద్దున సీఓడీ పెరిగింది, మెమో మాత్రం నాకొచ్చింది! మీలాంటి కెమిస్టులే సార్.

సీఓడీ_శర్మ:
నోరు అదుపులో పెట్టుకో. ఫీడ్ ఆపితే ప్రొడక్షన్ ఆగుతుంది. పురుగు చచ్చిందని ఆపానంటే నా ఉద్యోగం ఉంటుందా? నంబరుంటే సంతకం పెడతాను.

బ్లోయర్‌బాబు:
ఆ ముక్క మొదటే అనాల్సింది. ఆపరేటర్ వాల్వ్ ముట్టుకోకూడదు, అంతేగా?

సీఓడీ_శర్మ:
నేనూ ముట్టుకోలేను బాబూ. రాత్రిపూట ప్లాంట్ హెడ్ ఫోన్ ఎత్తాలి.

గోదారిగట్టు:
స్లైడ్‌లో తేడా కనిపించగానే ఓయూఆర్ (స్లడ్జ్ ఆక్సిజన్‌ని ఎంత వేగంగా వాడుతుందో కొలిచే పరీక్ష) చేయండి. ఆక్సిజన్ వాడకం పడిపోయిందో లేదో నీళ్లలో కరిగిన ఆక్సిజన్ కొలిచే డీఓ మీటర్‌తో అరగంటలోపే తెలుస్తుంది. శర్మగారికి నంబర్ దొరికినట్టే.

బ్లోయర్‌బాబు:
మా డీఓ మీటర్ ప్రోబ్ పోయింది. ఇండెంట్ పెట్టాం, పర్చేజ్ వాళ్ల దగ్గరే ఉంది.