వెనక సాకెట్‌కు డ్యాష్‌బోర్డు స్విచ్చి: లైను నేరుగా తేవాలా, రిలే పెట్టాలా?

కొత్తపేట గుంటూరు:
మాది ఏడు సీట్ల డీజిల్ బండి. డిక్కీలో ఉన్న 12 వోల్టుల సాకెట్‌కు తాళం తీసేసినా కరెంటు వస్తూనే ఉంటుంది. అమ్మకు ఇన్సులిన్ వాడతాం. హైదరాబాద్ చెకప్‌కు వెళ్లేటప్పుడు మందులు చిన్న ఫ్రిజ్ పెట్టెలో పెట్టి అక్కడే ప్లగ్గు పెడతాను. పోయిన వారం ఇంటికొచ్చాక ప్లగ్గు తీయడం మర్చిపోయాను. తెల్లారి తాళం తిప్పితే మీటరు లైట్లు మసకగా వెలిగాయి, టకటకమని చప్పుడొచ్చింది, సెల్ఫ్ మాత్రం అందుకోలేదు. ఆ పొద్దున అమ్మకు రక్తపరీక్ష ఉంది. పరగడుపున ఉన్న మనిషిని ఎండలో ఆటో కోసం నిలబెట్టాల్సి వచ్చింది.

స్టీరింగ్ పక్కన ఖాళీ బటన్ చోటు ఉంది, అక్కడ స్విచ్చి పెట్టిద్దామనుకుంటున్నా. మా వీధి ఎలక్ట్రీషియన్ సాకెట్ లైను కోసి స్విచ్చిలోకి తెచ్చేస్తా, గంట పని అంటున్నాడు. బెజవాడ ఆటోనగర్‌లో అడిగితే రిలే (చిన్న కరెంటుతో పెద్ద లోడును కలిపి విడదీసే స్విచ్చి) లేకుండా చెయ్యనన్నారు. ఎవరి మాట వినాలండీ?

పటమట డీజిల్:
నేరుగా పెట్టించండి. ఆ పెట్టె లాగేది ఎంత? 48 వాట్లు, అంటే 4 ఆంపియర్లు. బండ్లకు వాడే 20 ఆంపియర్ల స్విచ్చి ఆ లోడును హాయిగా మోస్తుంది. సాకెట్‌కు కంపెనీ ఫ్యూజు ఎలాగూ ఉంది. రిలే పెడితే నాలుగు వైర్లు, ఒక హోల్డరు, నాలుగు కొత్త జాయింట్లు. జాయింటు పెరిగిన కొద్దీ తలనొప్పి పెరుగుతుంది. అర్ధరాత్రి సూర్యాపేట దాటాక సాకెట్ ఆగిపోతే స్విచ్చి చెడిందో రిలే పోయిందో ఎవరు వెతుకుతారు?

ఆటోనగర్ వైరింగ్:
పటమట అన్నా, 4 ఆంపియర్ల లెక్క ఆ పెట్టెకు సరిపోతుంది. కానీ సాకెట్ పెట్టె కోసమే ఉండదు కదా. టైరులో గాలి దిగితే అదే సాకెట్‌లో గాలి పంపు పెడతారు. అది తేలిగ్గా పది ఆంపియర్లు దాటుతుంది, మోటారు తిరగడం మొదలెట్టే క్షణంలో ఇంకా ఎక్కువ లాగుతుంది. లెక్క ఆ రోజుకు వేసుకోవాలి.

స్విచ్చి మీద ఏం రాసుందో చూడకుండా కొనేవాళ్లే ఎక్కువ. చాలావాటి మీద 250 వోల్టులు ఏసీ, 6 ఆంపియర్లు అని ఉంటుంది. అది ఇంటి కరెంటు లెక్క. ఇంట్లో కరెంటు సెకనుకు వందసార్లు సున్నాకు వచ్చి పోతుంది కాబట్టి స్విచ్చి కట్టేటప్పుడు లోపల లేచే నిప్పురవ్వ వెంటనే ఆరిపోతుంది. బండిలో డీసీ, సున్నాకు రానే రాదు. రవ్వ సాగుతుంది, పాయింట్లు కాలి నల్లబడతాయి. నల్లబడిన చోట వేడి పుడుతుంది. ఆ వేడి పుట్టేది డ్యాష్‌బోర్డు ప్లాస్టిక్ వెనక, మీ మోకాలికి జానెడు దూరంలో.

పోయిన మే నెలలో ఇలాంటి బండి ఒకటి నా దగ్గరకొచ్చింది. ఎవరు చేశారో నేను అడగలేదు. బటన్ ఊడదీస్తే వెనకభాగం కాలిన చక్కెరపాకం రంగులో ఉంది. జాయింటు మెలితిప్పి టేపు చుట్టారు. మన ఎండకు జిగురు కరిగి టేపు పక్కకు జారింది, రాగి పోగులు బయటపడ్డాయి. జిగురు నా వేళ్లకు అంటుకుంది. ఇంకో అంగుళం జరిగితే ఆ పోగులు బాడీకి తగిలేవి.

రిలే పెడితే స్విచ్చిలో నడిచేది రిలేను పనిచేయించే తీగచుట్ట, అంటే కాయిల్ కరెంటు ఒక్కటే, ఆంపియర్‌లో ఐదో వంతు కూడా ఉండదు. సాకెట్ లోడంతా రిలే లోపలి పాయింట్ల మీదే పోతుంది. బ్యాటరీ నుంచి కొత్త లైను కూడా అక్కర్లేదు. కంపెనీ ఫ్యూజు దాటాక ఉన్న లైనునే కోసి ఒక కొస రిలే మీద 30 అని రాసిన పిన్నుకు, రెండోది 87కి ఇవ్వండి. 85 బాడీ ఎర్త్, 86కి స్విచ్చి నుంచి సన్నవైరు, దానికి విడిగా 3 ఆంపియర్ల ఫ్యూజు. కొసలకు లగ్గులు (వైరు చివర తొడిగే లోహపు ముక్కలు) వేసి నొక్కించండి, టేపుతో సరిపెట్టొద్దు. పసుపు తొడుగున్న వైర్ల జోలికి మాత్రం వెళ్లొద్దు, అవి ఎయిర్‌బ్యాగ్‌వి.

కొత్తపేట గారూ, మీ ఎలక్ట్రీషియన్ లైను ఎక్కడ కోస్తానన్నాడు? డిక్కీ దగ్గర కోస్తే ముందుకొచ్చి వెనక్కి పోవడానికి ఎనిమిది మీటర్ల వైరు. 1.5 స్క్వేర్ (చదరపు మిల్లీమీటర్ల) వైరు వేస్తే పది ఆంపియర్ల దగ్గర ఆ ముక్కలోనే దాదాపు ఒక వోల్టు పోతుంది.

మంగళగిరి రోడ్డు:
రిలేనా నేరుగానా అని మీరిద్దరూ వాదిస్తున్నారు. ఆయన బండి ఆగింది ప్లగ్గు తీయడం మర్చిపోయి. ప్లగ్గు మర్చిపోయిన మనిషి స్విచ్చి మర్చిపోడా? రాత్రి పది గంటలు 4 ఆంపియర్లు లాగితే 40 ఏహెచ్ (ఆంపియర్ గంటలు). డీజిల్ బ్యాటరీ 65 ఏహెచ్ ఉన్నా పొద్దున సెల్ఫ్‌కు ఏం మిగులుతుంది? వోల్టేజి పడితే దానంతటదే ఆపే కటాఫ్ పెట్టించండి.

ఇంకో మాట. 48 వాట్లంటే అది కంప్రెసర్ లేని ఫ్యాను పెట్టె అయ్యుంటుంది. ఆ రకం బయటి వేడికంటే 15, 20 డిగ్రీలు తగ్గించగలదు, అంతే. నిలబెట్టిన కారు లోపల 45 ఉంటే పెట్టెలో 25. తెరవని ఇన్సులిన్‌కు కావాల్సింది 2 నుంచి 8. లోపల థర్మామీటర్ పెట్టి చూడండి దయచేసి.

పటమట డీజిల్:
గాలి పంపు సంగతి నేను ఆలోచించలేదు, ఒప్పుకుంటున్నా. అయినా సాకెట్‌ను ఆ పెట్టెకే వాడేవాడికి మంచి డీసీ స్విచ్చి, ముందు ఫ్యూజు బాక్సు దగ్గర కోత చాలు. అక్కడ కోస్తే మీరన్న ఎనిమిది మీటర్లు ఉండవు.

ఆటోనగర్ వైరింగ్:
అక్కడ కోస్తే వోల్టేజి బాధ ఉండదు, నిజమే. లోడు మాత్రం ఇంకా బటన్‌లోనే ఉంటుంది, నాకు అదే భయం.

మంగళగిరి గారి ప్రశ్నకు రిలేతోనే జవాబుంది. కాయిల్‌కిచ్చే లైను తాళంతో వచ్చే ఫ్యూజు నుంచి తీసుకోండి. తాళం తీస్తే స్విచ్చి వేసి ఉన్నా సాకెట్ ఆగుతుంది. దారిలో భోజనానికి ఆగినప్పుడు పెట్టె నడవాలంటే మధ్యలో ఆఫ్ ఉండే మూడు స్థానాల స్విచ్చి తీసుకోండి. పైకి నొక్కితే తాళం లైను, కిందికి నొక్కితే బ్యాటరీ లైను, రెంటికీ ఫ్యూజులు. నేరుగా పెట్టిన స్విచ్చితో ఇది చెయ్యాలంటే రెండు లోడు లైన్లు బటన్ దాకా తేవాలి. నేనైతే తేను.

కొత్తపేట గుంటూరు:
ఆదివారం ఆటోనగర్‌లోనే చేయించాను, మూడు స్థానాల స్విచ్చి, రిలే. రిలే పెడల్ పైన ఉంది, స్విచ్చి వేస్తే టక్కుమని వినిపిస్తుంది. గాలి పంపు నడుస్తుండగా సాకెట్ దగ్గర మీటరు పెట్టించాను, ఇంజిన్ ఆన్‌లో 13.4 వోల్టులు చూపించింది.

మంగళగిరి గారూ, థర్మామీటర్ పెట్టాను. మధ్యాహ్నం మూడింటికి పెట్టెలో 24 ఉంది. వాడుతున్న పెన్ను ఒక్కటే అందులో పెడుతున్నాను. తెరవనివి ఐస్ ప్యాక్‌లున్న డబ్బాలో, ప్యాక్‌కు తగలకుండా గుడ్డ చుట్టి తీసుకెళ్తున్నాం. కంప్రెసర్ ఫ్రిజ్ కొనాలి. దానికి కటాఫ్ లోపలే ఉంటుందంటున్నారు, మీ దగ్గరుంటే ఎన్ని వోల్టుల మీద పెట్టారో చెప్పండి.